చూడకుండా రాసిన పేగు

ఆ స్కానింగ్ డాక్టరు పావని కడుపు మీద మిషన్ పెట్టింది నాలుగు నిమిషాలు. నేను పక్కనే ఉన్నాను, గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. లివర్ చూశాడు, కిడ్నీలు చూశాడు, ఇంకేవో రెండు చూశాడు. పేగు దగ్గరికి వచ్చేసరికి జెల్ తుడుచుకోమని కాగితం ముక్క చేతికిచ్చాడు.

మేం వెళ్ళిందే పేగు కోసం.

పావనికి పదకొండేళ్ళు. మా పక్కింటి అమ్మణ్ణి కూతురు. మాది ఆత్రేయపురం, అమ్మణ్ణి పూతరేకులు తీస్తుంది. రెండేళ్ళపాటు ఈ పిల్లకి నెత్తురు విరేచనాలవుతుంటే ఊరంతా వైద్యులే. ఒకరు నులిపురుగులన్నారు, ఒకరు దిష్టన్నారు, బడి ఎగ్గొట్టడానికి వేషాలని టీచరమ్మ అంది. తోటి పిల్లలు ఎదిగిపోయి పావని ఒక్కతే గిడసబారిపోయాక, విశాఖపట్నంలో పిల్లల పేగుల డాక్టరు సూర్యకళ గారు ఆ జబ్బు పేరు చెప్పారు. క్రోన్స్. పేగు గోడ వాచి, లోపల పుళ్ళు పడే జబ్బు. పూర్తిగా పోదు, మందులతో అణచి ఉంచాలి. అణిగిందో లేదో మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి.

చూడటానికి రెండు దారులున్నాయి. ఒకటి కెమెరా గొట్టం. మొదటిసారి అది పెట్టినప్పుడు పిల్లని రోజంతా పస్తుంచారు. పేగులు కడిగే మందునీళ్ళు గ్లాసు తర్వాత గ్లాసు తాగించారు. కక్కింది, మళ్ళీ తాగించారు. తర్వాత మత్తు. ఆనాటి నుంచి విశాఖపట్నం మాటెత్తితే పావని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటుంది.

రెండోది అల్ట్రాసౌండ్. కడుపుతో ఉన్నవాళ్ళకి తీస్తారే, ఆ స్కానింగే. మత్తు లేదు, సూది లేదు. పేగు గోడ ఎంత మందం ఉందో అందులోనే కొలవచ్చు. మూడు మిల్లీమీటర్లు దాటితే వాపు ఉన్నట్టు. మందు మొదలుపెట్టిన రోజు పావనికి ఏడుంది. నాలుగు నెలలయ్యాక రాజమండ్రిలోనే తీయించి రిపోర్టు ఫోన్‌లో పంపండి, కొలత తెలిస్తే కెమెరా అవసరం రాకపోవచ్చు అన్నారు సూర్యకళ గారు. ఏం చూడాలో చీటీ మీద రాసిచ్చారు. చిన్నపేగు చివర, గోడ మందం, అక్కడ నెత్తురు పారే తీరు. మూడే ముక్కలు.

ఆ చీటీని స్కానింగ్ డాక్టరు నాగేశ్వరప్రసాద్ మడత కూడా విప్పలేదు.

రిపోర్టు చేతికొచ్చింది. పైనుంచి కింద దాకా నార్మల్, నార్మల్. చివర్న ఒక లైను: పేగుల్లో గ్యాస్ ఎక్కువగా ఉంది, కనిపించినంత వరకు నార్మల్.

పావని తండ్రి బుల్లబ్బాయి ఆ ఆఖరి మాటొక్కటే చదివాడు. రిపోర్టు బాగా వస్తే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకున్నాడు. ఆ వారమే కూతుర్ని రత్నగిరి ఎక్కించి సత్యనారాయణ వ్రతం చేయించాడు. తిరిగొచ్చాక మాత్రలు ఆపేశాడు. మన దగ్గర ఇదొకటి ఉంది కదా, మొక్కు తీరాక కూడా మందు మింగితే దేవుడి మీద నమ్మకం లేనట్టని. నార్మల్ వచ్చాక ఇంకా డాక్టరమ్మగారిని విసిగించడం దేనికని రిపోర్టు కూడా పంపలేదు. అమ్మణ్ణి రెండుసార్లు అడిగి ఊరుకుంది.

నేను బుల్లబ్బాయిని తిట్టను. నార్మల్ అని రాసినవాడు డాక్టరు. నమ్మినవాడు తండ్రి. ఇందులో తప్పెవరిదో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

మూడు వారాలకి పావని కంచంలో అన్నం కంచంలోనే ఉండిపోవడం మొదలైంది. కుడిపక్క చెయ్యి పెట్టుకుని తిరిగేది. అడిగితే ఏం లేదనేది. చెబితే మళ్ళీ గొట్టం పెడతారని దాని భయం. అమ్మణ్ణి పావనిని వెంటబెట్టుకుని, చీటీ, రిపోర్టు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. ఫోన్‌లో ఒక్కో మాటా కొట్టి చూసుకున్నాను, గంట పట్టింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే విషయం తెలిసిపోయింది. అడిగినవి మూడు. జవాబు ఒక్కదానికీ లేదు. కనిపించలేదు అన్నదాన్ని నార్మల్ అని రాశాడు. గుడ్డివాడు కూడా ఇంత ధైర్యంగా చెప్పడు.

రెండూ ఫోటో తీసి పంపాం. పది నిమిషాల్లో సూర్యకళ గారే ఫోన్ చేశారు. మాత్రలు ఎవరు ఆపమన్నారని అడిగారు. ఈ రోజే మొదలుపెట్టమన్నారు. వారంలో కొలత రావాలి, రాకపోతే కెమెరా తప్పదు అన్నారు. గ్యాస్ అడ్డమొస్తే మెల్లగా నొక్కితే పక్కకు జరుగుతుందని కూడా చెప్పారు. ఫోన్ స్పీకర్లో ఉంది. బాత్రూం గడియ పడిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే నలుగురం రాజమండ్రి బస్సెక్కాం. పెద్ద డాక్టరుగారు, గట్టిగా మాట్లాడకండి అక్కగారూ అని దారంతా బతిమాలాడు బుల్లబ్బాయి. నేను మాటివ్వలేదు.

గదిలోకి వెళ్ళి అమ్మణ్ణి చీటీ విప్పి బల్ల మీద పెట్టింది.

"గ్యాస్ ఉంటే పేగు కనబడదమ్మా. ఎన్నిసార్లు తీసినా అంతే" అన్నాడు నాగేశ్వరప్రసాద్.

"మెల్లగా నొక్కితే గ్యాస్ జరుగుతుందటండి. మా డాక్టరుగారు చెప్పారు."

"మీ డాక్టరు నాకు పాఠాలు చెబుతారా?"

"పాఠం కాదండి, కొలత అడిగారు. మీరు కొలవలేదు."

నేను ఆగలేకపోయాను. "రాకపోతే రాదని రాయండి సార్, ఇంకో చోటికి పోతాం. చూడకుండా నార్మల్ అని ఎందుకు రాశారు?"

అది ఫార్మాటట. ఆ లైను అందరికీ వస్తుందట. ఆ మాట ఏ సిగ్గూ లేకుండా చెప్పాడు. అతని వెనక గోడ మీద, ఇక్కడ ఆడో మగో చెప్పబడదు అని బోర్డు ఉంది. గర్భిణి స్కానింగులో ఒక్క ఫారం తప్పితే అధికారులొచ్చి మిషన్‌కి సీలు వేస్తారని ఆ ఫారాలు మాత్రం పొల్లుపోకుండా నింపుతారు. మంచిదే, నింపాలి. పుట్టి పదకొండేళ్ళు బతికిన ఆడపిల్ల పేగు చూడకుండానే చూశానని రాస్తే మాత్రం అడిగే నాథుడు లేడు.

మేం ఇలా వాదులాడుకుంటుంటే పావని చెప్పులు విడిచింది. తనే స్కానింగ్ బల్లెక్కి పడుకుంది. గౌను పైకి తీసి కుడిపక్క కింద వేలు పెట్టింది.

"ఇక్కడండి. ఇక్కడ నొప్పి."

తలుపు తీసే ఉంది. బయట కూర్చున్న జనం లోపలికే చూస్తున్నారు. నాగేశ్వరప్రసాద్ ఒకసారి వాళ్ళని, ఒకసారి పిల్లని చూశాడు. జెల్ తీశాడు.

నొప్పొస్తే చెప్పమన్నాడు. పావని పెదవి కొరుక్కుంది గాని చెప్పలేదు. అతను నొక్కుతూ ఆగాడు, మళ్ళీ కొంచెం నొక్కాడు. తెర మీద మబ్బులాంటి నీడ పక్కకు తప్పుకుంది. దాని వెనక మందమైన ఉంగరంలాంటిది వచ్చింది. అది పేగు. అంతసేపూ అక్కడే ఉంది. అతను రెండు గుర్తులు పెట్టాడు, అంకె పడింది.

"ఎంతండి?" అంది అమ్మణ్ణి.

"అయిదున్నర."

రేకు పైకెత్తి వెలుగులో చూసి మందం చెప్పే మనిషి అమ్మణ్ణి. తెర మీద ఆ ఉంగరం మందం చూసింది. "ఉండాల్సినదానికి రెండింతలకి కాస్త తక్కువ" అంది మెల్లగా. తలుపు దగ్గర బుల్లబ్బాయి గోడకి చేరబడ్డాడు. వ్రతం కూడా చేసుకున్నామండీ అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. అంటే మొన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏడు నిమిషాలు. ఏడు నిమిషాల బద్ధకానికి ఒక పిల్ల పేగు మూడు వారాలు కాలింది. దీన్ని పొరపాటు అనకండి నా దగ్గర.

కొత్త రిపోర్టులో కొలత రాశాడు, నెత్తురు పారే తీరూ రాశాడు. కింద ఆ పాత లైను అలాగే ఉంది. కనిపించినంత వరకు నార్మల్.

"ఆ ముక్క కొట్టేయండి" అంది అమ్మణ్ణి.

"అది దానంతటదే వస్తుందమ్మా."

"పెట్టుకున్నది మీరే కదండీ. తీసేయండి."

తీసేశాడు. మళ్ళీ ప్రింటు తీశాడు.

అక్కడి నుంచే విశాఖపట్నం పంపాం. కొలత దొరికింది కాబట్టి ఇప్పటికి కెమెరా వద్దన్నారు సూర్యకళ గారు. మందు మోతాదు పెంచారు, ఒక్క పూట కూడా ఆపనని బుల్లబ్బాయిచేత చెప్పించుకున్నారు. ఆరు వారాలకి మళ్ళీ స్కాన్.

"మళ్ళీ ఇక్కడికేనా?" అని అడిగింది పావని.

ఇక్కడికే అన్నాను. ఎందుకు భయపడి ఇంకో చోటికి పోవాలి?

హాల్లోకి రాగానే ఒకామె లేచి నిలబడింది. పేరు లోవమ్మట, సామర్లకోట నుంచి వచ్చిందట. ఆరు నెలల నుంచి కడుపునొప్పి. చేతిలో పోయిన నెల రిపోర్టు ఉంది, నా వైపు చాపింది. చివరి లైను చదవడానికి ఈసారి నాకు ఫోన్ అవసరం కాలేదు.

నేను నోరు తెరిచేలోపే పావని ఆమె దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించండి ఆంటీ. చూసేదాకా బల్ల దిగకండి."