మూల పగిలిన బ్యాటరీ

ఆ మామా అల్లుళ్ళు ఒకే రంపపు పొట్టులో మునిగి, ఒకే సీసాలో నీళ్ళు తాగి, ఒకే వ్యానులో తిరుగుతారు గానీ, వాళ్ళ మాటలు వింటే మాత్రం పెళ్ళి నిన్ననే అయిందేమో అనిపిస్తుంది. "అల్లుడుగారూ, ఆ సుత్తి కాస్త అందిస్తారా?" అని మామ. "ఇదిగోనండి మామయ్యగారూ, వేలు జాగ్రత్త" అని అల్లుడు. వేలు చితికినా మామ నోట్లో పుట్టిన బూతు సగం దారిలో ఆగిపోయి, "అబ్బా, తగిలిందండీ" అని మర్యాదగా బయటికొచ్చేది. పక్కన గోడలకు రంగులేసేవాళ్ళు అది విని ముసిముసిగా నవ్వుకునేవారు.

ఇద్దరిదీ వంటగది అల్మారాలు బిగించే పని. మామ మణికట్టు బలంతో మరలు తిప్పి తిప్పి ముసలివాడైన వడ్రంగి. వైరు లేని డ్రిల్లు మిషన్లు అల్లుడితోపాటే ఆ ఇంట్లోకి వచ్చాయి. మొదట్లో వాటిని ఆటబొమ్మలని తీసిపారేసిన మామ, ఇప్పుడు పొద్దున్నే చార్జరు మీద పచ్చ దీపం వెలిగిందో లేదో చూశాకే మొహం కడుక్కుంటున్నాడు.

ఈ మధ్య ఆయన గుండె కాస్త మొరాయించింది. నిచ్చెన ఎక్కొద్దని, చేతులు తలపైకి ఎత్తి చేసే పని మానమని డాక్టరు చెప్పాడు. మామ బుద్ధిగా తలూపి వచ్చి మర్నాడే నిచ్చెన ఎక్కాడు. కూతురు మొగుణ్ణి పట్టుకుంది.

"నేను చెబితే నాన్న నవ్వేసి ఊరుకుంటాడు. మీరంటే ఆయనకు గురి. ఒక్క మాట అనండి."

ఆ ఒక్క మాటే అల్లుడికి గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది. కన్నతండ్రయితే చెయ్యి పట్టి కిందికి లాగి, నాలుగు కేకలేసి కూర్చోబెట్టేవాడు. మామయ్యగారిని ఏమని కేకలేస్తాడు? "మీరింక పైకెక్కకండి" అంటే "మీరింక పనికిరారండి" అన్నట్టే వినిపిస్తుంది. వ్యానులో చెబుదామనుకుని పాటలు పెట్టాడు. భోజనాల దగ్గర చెబుదామనుకుని నీళ్ళు నమిలాడు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ రోజులు దొర్లించాడు. ఈలోగా మామ నిచ్చెన మీద ఆయాసపడుతుంటే, కింద ఇతని ప్రాణం విలవిల్లాడేది.

చివరికి నోరు చేయలేని పని చేతికి అప్పజెప్పాడు. వాళ్ళ దగ్గరున్న బ్యాటరీల్లో బాగా పాతదొకటి పరంజా మీంచి పడి మూల పగిలింది. దాన్ని పారేశానని మామతో చెప్పాడు కానీ, నిజానికి వ్యాను సీటు కింద అలాగే ఉంది. ముసలి బ్యాటరీలకు ఒక గుణముంది. చార్జరు మీద పెడితే కొత్తవాటికన్నా ముందే నిండిపోయినట్టు పచ్చ దీపం చూపిస్తాయి. వాటి మీది మీట నొక్కితే చార్జి ఎంతుందో చూపే చుక్కలన్నీ వెలుగుతాయి. తీరా మిషనుకు తగిలిస్తే కాసేపు జోరుగా తిరిగి, చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. పగిలిన మూలకు నల్లటేపు చుట్టి అల్లుడు ఆ బ్యాటరీని మామ మిషనుకు తగిలించాడు. మంచివన్నీ తన సంచిలో దాచుకున్నాడు.

ఉపాయం పారింది. మిషను ఆగగానే మామ దిగొచ్చేవాడు. చార్జరు పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని, అది నిండేదాకా నీళ్ళు తాగేవాడు, చెమట తుడుచుకునేవాడు. ఊపిరి కుదుటపడేది. మాట పడకుండా, మర్యాద చెడకుండా మామకు విశ్రాంతి దొరుకుతోందని అల్లుడు తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఒకరోజు భోజనాల దగ్గర మామ కంచంలో చెయ్యి పెట్టుకుని కూతురితో అన్నాడు. "నా చేతిలోనే ఏదో తేడా వచ్చిందమ్మా. అల్లుడుగారు పట్టుకుంటే పూటంతా తిరిగే మిషను, నేను పట్టుకుంటే చచ్చిపోతోంది. మర వంకరగా దించుతున్నానేమో, అదుముతున్నానేమో. ఇంత కాలం చేసిన పని, చెయ్యి మరిచిపోతోంది."

కూతురు మొగుడి వంక చూసింది. చెప్పమనే ఆ చూపు. అల్లుడు తలొంచుకుని ముద్ద కలుపుతూ, "అదేం లేదండీ, ఆ కంపెనీ మిషన్లే అంత" అన్నాడు. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. అయినా మర్నాడు మామ మిషనుకు నల్లటేపు బ్యాటరీనే తగిలించాడు.

ఆ వారంలోనే ఒక కొత్త ఇంట్లో పై అల్మారాలు బిగిస్తున్నారు. అల్లుడు పక్క గదిలో చెక్క కోస్తున్నాడు. రంపం మోతలో అతనికి ఏదో పిలుపు వినిపించినట్టయి, కాదులే అనుకున్నాడు. రంపం ఆపేసరికి మామ గొంతు గోడలదిరేలా వచ్చింది.

"ఒరేయ్, ఎక్కడ చచ్చావురా, పట్టుకో!"

అల్లుడు పరుగెత్తాడు. నిచ్చెన మీద మామ ఒక అరచేత్తో, నెత్తితో అల్మారాను గోడకు అదిమిపెట్టి నిలబడ్డాడు. ఒక మర దిగింది, రెండోది సగంలో ఉంది, మిషను ఆగిపోయింది. ఆయన మొహం పాలిపోయి, మెడ నరాలు ఉబ్బాయి. అల్లుడు గట్టు మీదికెగిరి అల్మారా కింద భుజం పెట్టాడు. నడుముకు తగిలించుకున్న తన మిషను మామ చేతికిచ్చాడు. మామ ఆయాసపడుతూనే మిగిలిన మరలన్నీ దించాడు. ఒక్కటి కూడా వంకర పోలేదు.

మామ కిందికి దిగి డబ్బా మీద కూలబడ్డాడు. ఊపిరి అందాక రెండు మిషన్లూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అల్లుడి బ్యాటరీ తీసి తన మిషనుకు పెట్టి మీట నొక్కాడు. గిర్రున తిరిగింది. తన బ్యాటరీ అల్లుడి మిషనుకు పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. నల్లటేపు గోటితో లాగాడు.

"ఇది పారేశానన్నారు."

అల్లుడు ఈసారి అబద్ధం ఆడలేదు. డాక్టరు మాట, భార్య మాట, తన భయం అన్నీ కక్కేశాడు. "మీరు మధ్యమధ్యలో కూర్చుంటారనండీ" అని ముగించాడు.

మామకు కోపం వస్తుందని చూశాడు. రాలేదు. ముసలాయన తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఈ చేతులు పోయాయనుకున్నాను. నిద్రపట్టక మంచం మీద గాల్లో మరలు తిప్పి చూసుకునేవాణ్ణి, ఇంకా వస్తుందా రాదా అని." ఆయన తలెత్తి అల్లుణ్ణి చూశాడు. "ఎక్కొద్దని నోటితో చెప్పి ఉంటే నీతో పోట్లాడేవాణ్ణి కదరా. ఆ పోట్లాట కూడా నాకు దక్కనివ్వలేదు."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. క్షమించమంటే అదీ ఒక మర్యాద మాటే అవుతుందనిపించింది. ఎదురుగా నిలబడి చెప్పేశాడు. "ఇంక నువ్వు నిచ్చెన ఎక్కడానికి వీల్లేదు మామా. ఎక్కితే నేను పట్టుకుని లాగేస్తాను."

"ఎక్కుతాను. నువ్వెవడివి లాగడానికి?"

"నీ కూతురి మొగుణ్ణి. నీకేమన్నా అయితే తట్టుకోలేనివాణ్ణి. చాలా?"

రంగులేసేవాళ్ళు కుంచెలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మామా అల్లుళ్ళు వాళ్ళను పట్టించుకోలేదు. నీ మొండితనమంటే నీ పిరికితనమని, నీ దొంగబుద్ధంటే నీ గుండెజబ్బని దుమ్మెత్తి పోసుకున్నారు. అలిసిపోయి ఆగారు. ఇంకో అల్మారా గోడకెక్కకుండా నేలమీదే ఉంది. మామ దానివంక చూశాడు, నిచ్చెనవంక చూశాడు. తర్వాత డబ్బా గోడకు జరుపుకుని కూర్చున్నాడు.

"ఎక్కి తగలడు. వంకరగా పెట్టావో, ఊరుకోను."

అల్లుడు ఎక్కాడు. "ఎడమవైపు ఎత్తరా... అదా ఎత్తడం? కళ్ళు నెత్తికెక్కాయా?" కింద నుంచి మామ తిడుతూనే ఉన్నాడు. ఒక చేత్తో అల్మారా, ఇంకో చేత్తో మిషను పట్టుకుని ఉన్నాడేమో, కళ్ళు తుడుచుకోవడానికి అల్లుడికి చెయ్యి ఖాళీ లేదు.