పిక్‌వర్త్ చేలో దొంగనాణేలు

డెస్మండ్ రిటైరైన మొదటి నెలలోనే బెరిల్‌కు ఒక సంగతి బోధపడింది. ఇన్నేళ్ళూ అతను పొద్దున్నే బస్సు నడపడానికి పోయి పొద్దుగూకాక రాబట్టే తమ కాపురం సజావుగా సాగింది. ఇప్పుడు మనిషి వంటింట్లోకొచ్చి జామ్ సీసాలను అక్షరక్రమంలో పేర్చాడు. ఇద్దరికి టీ పెట్టడానికి కెటిల్ అంత నిండా ఎందుకని నిలదీశాడు. అందుకే అతను ఒక మెటల్ డిటెక్టరు కొనుక్కొచ్చి, భూమిలో పాత నాణేలు వెతుకుతానన్న రోజున, బెరిల్ మనసారా దీవించి పంపింది. డెస్మండ్ ఊరి రైతు పిక్‌వర్త్ గారి చేలల్లో తిరుగుతూ ఉంటే ఆమె ఇంట్లో కాళ్ళు చాపుకుని రేడియో వినేది.

చిక్కల్లా ఏమిటంటే, రెండేళ్ళయినా డెస్మండ్‌కు ఏమీ దొరకలేదు. కూల్‌డ్రింకు డబ్బాల మూతచెవులు దొరికాయి. తుపాకి తూటాల తొడుగులు, ట్రాక్టరు బోల్టులు దొరికాయి. ఊరి హాల్లో నెలకోసారి జరిగే డిటెక్టరు క్లబ్బు సమావేశంలో మిగతావాళ్ళు రోమన్ల కాలపు పిన్నులూ, రాజుల బొమ్మల నాణేలూ బల్ల మీద పరిస్తే, ఇతను చేతులు జేబులో పెట్టుకుని కూర్చునేవాడు. క్లిఫ్ అనే ఆయన ఊరుకునేవాడు కాదు.

“ఏం డెస్మండూ, ఈ నెల కూడా సోడా యుగం నాటివేనా?”

ఆ సెప్టెంబరులో ఒక సాయంత్రం డెస్మండ్ డిటెక్టరును గుడ్డతో శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టాడు.

“అమ్మేస్తాను బెరిల్. ఇది నాకు అచ్చిరాలేదు. ఇక ఇంట్లోనే ఉండి నీకు సాయం చేస్తా.”

బెరిల్ కంగారుగా ఆ డిటెక్టరును అతని వైపే జరిపింది. “తొందరేముంది? కోతలు ఇప్పుడేగా అయ్యాయి. ఇంకో నాలుగు వారాలు చూడు” అంది.

మర్నాడే లింకన్ పట్నం వెళ్ళి, మ్యూజియం కొట్లో పిల్లలకు అమ్మే మొదటి ఎలిజబెత్ రాణి నాణేలు మూడు కొనుక్కొచ్చింది. తగరంతో పోసిన నకళ్ళవి. వెనకవైపు సన్నటి అక్షరాల్లో నకలు అని రాసి ఉంది. ఆ అక్షరాలను గోళ్ళ ఆకురాయితో అరగదీసింది. మెరుపు చావడానికి వెనిగర్లో నానబెట్టి, టీ పిప్పిలో పొర్లించి, జెరేనియం పూలకుండీలో వారం పాటు పూడ్చిపెట్టింది. ఊరగాయ కూడా ఆమె ఎన్నడూ అంత శ్రద్ధగా పెట్టలేదు. డెస్మండ్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు చూసుకుని, పిక్‌వర్త్ చేలో ముళ్ళకంచె పక్కన వాటిని నాటి వచ్చింది. అతను తవ్వి, మురిసి, అల్మరాలో పెట్టుకుని, మళ్ళీ ఉత్సాహంగా చేలో పడితే చాలు. అంతకుమించి ఆలోచించలేదు.

ఆ ఆదివారం డెస్మండ్ బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో వెన్న డబ్బా. లోపల మట్టిముద్దలో గుండ్రంగా మూడు.

“ముళ్ళకంచె పక్కన బెరిల్. మూడూ ఒకేచోట.” అన్నాడు డబ్బా చాపుతూ.

“ఏదీ, కుళాయి కింద పెట్టి కడిగి చూద్దాం” అంది బెరిల్, సంతోషం సరిపడా నటిస్తూ.

“కడగడమా? ముట్టుకోకు. కడిగితే నాణెం పాడైపోతుంది. క్లబ్బులో నేర్పే మొదటి పాఠమే అది. అంచు చూశావా? వెండి. మూడొందల ఏళ్ళు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా సర్కారుకు చెప్పి తీరాలి. పురావస్తు అధికారికి ఇప్పుడే ఫోన్ చేశా. గురువారం సమావేశానికి ఆవిడే వచ్చి చూస్తుందట.”

“సర్కారుకా?” అంది బెరిల్.

ఆ మూడు రోజులూ ఆమెకు తిండి సయించలేదు. అల్మరాలో పెట్టుకునే మనిషని అనుకుంది గానీ, ఇరవై ఆరేళ్ళు ఒక్క టిక్కెట్టు తేడా రాకుండా బస్సు నడిపిన మనిషని మరిచిపోయింది. నకలు అన్న మాట చెరిపేసిన బిళ్ళలు తెచ్చి నిధి అని రాసిచ్చిన మొగుణ్ణి ఎవరు నమ్ముతారు? మా ఆవిడ ఆకురాయితో రుద్దిందంటే ఇంకా నవ్వుతారు. క్లబ్బు నుంచి తరిమేస్తారు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అతను ఈల వేస్తూ కనిపించాడు. డెస్మండ్ ఈల వేసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

గురువారం హాలు కిటకిటలాడింది. అధికారి రొవీనా అనే అమ్మాయి, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. బల్ల మీద దీపం పెట్టుకుని, మెత్తటి కుంచెతో మట్టి విదిలించి, చిన్న తక్కెడలో ఒక్కొక్కటే తూచింది. భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు చూసింది. క్లిఫ్ ఆమె భుజం మీదుగా మెడ సాచాడు. బెరిల్ టీ బల్ల దగ్గర ఫ్రూట్ కేకు కోస్తూ ఒకే ముక్కను నాలుగుసార్లు కోసింది.

రొవీనా భూతద్దం దించింది. “డెస్మండ్ గారూ, ఏమీ అనుకోకండి. ఇవి నకిలీవి.”

డెస్మండ్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. బెరిల్ కత్తి కింద పెట్టేసింది.

“అది నా పనే” అంది గట్టిగా.

అందరూ ఆమె వైపు తిరిగారు. రొవీనా మాత్రం తల ఎత్తకుండా తన ధోరణిలో చెప్పుకుపోయింది. “రాగి బిళ్ళ మీద వెండి పూత. రాణి గారి బుగ్గ దగ్గర పూత అరిగి లోపలి రాగి బయటపడింది, ఈ పచ్చటి చిలుము దానిదే. ఆ రోజుల్లో టంకశాల వాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో తమ గుర్తు మార్చేవాళ్ళు. ఇక్కడున్న కత్తి గుర్తు పదిహేను వందల ఎనభై రెండులో వచ్చింది. ఇవి చేసినవాడేమో సంవత్సరం డెబ్బై ఐదని కొట్టాడు. పైగా మూడింటి మీదా ఒకే చోట ఒకే గాటు. అంటే ఒకే అచ్చు. నాలుగొందల ఏళ్ళ కిందటి దొంగవాడు చేసిన సరుకండీ ఇది. అప్పట్లో పట్టుబడితే ప్రాణం తీసేవాళ్ళు.” అప్పుడు తల ఎత్తింది. “ఏమ్మా, మీ పనా? ఏది?”

“టీ” అంది బెరిల్. “టీ పోయడం ఎప్పుడూ నా పనే. చల్లారిపోతోంది, రండి.”

కప్పులు నింపుతుంటే ఆమె మనసు తేలిపోయింది. రాగి అంది. పచ్చ చిలుము అంది. తను పాతింది తగరం. నాలుగొందల ఏళ్ళ కిందటి దొంగవాడెవడో, వాడి ఆత్మ ఎక్కడున్నా చల్లగా ఉండాలని అక్కడికక్కడే మొక్కుకుంది.

“మొత్తానికి నీకు దొరికినా దొంగవే దొరికాయిరా” అన్నాడు క్లిఫ్.

“నీకు దొంగ కూడా దొరకలేదుగా” అన్నాడు డెస్మండ్. హాలంతా గొల్లున నవ్వింది. రెండేళ్ళలో క్లిఫ్‌కు అతను జవాబివ్వడం అదే మొదలు.

పైపూతే తప్ప వెండి లేదు కాబట్టి ఇది నిధి కింద రాదనీ, కానీ ఈ జిల్లాలో ఇలాంటి అచ్చు తాను చూడలేదనీ రొవీనా చెప్పింది. నాణేల పక్కన దొరికినవాడి పేరు కూడా రాసుకుంటానంది. డెస్మండ్ తన పేరు అక్షరం అక్షరం పలికి రాయించాడు. అప్పుడు ఆ అమ్మాయి ఇంకో మాటంది. “వాడి కొలిమి ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. శనివారం అందరం కలిసి ఆ కంచె పొడవునా వెతుకుదాం. అంగుళం కూడా వదలొద్దు.”

బెరిల్ కప్పు కింద పెట్టేసింది. తను పాతిన మూడు తగరం బిళ్ళలూ ఇంకా ఆ కంచె పక్కనే ఉన్నాయి.

కారెక్కాక డెస్మండ్ తాళం తిప్పబోతుంటే అతని చెయ్యి పట్టుకుని ఆపింది. మొత్తం చెప్పేసింది. మ్యూజియం కొట్టు, వెనిగరు, ఆకురాయి, జెరేనియం కుండీ, ఏదీ దాచలేదు. జామ్ సీసాల సంగతి కూడా చెప్పింది, ఎలాగూ మొదలుపెట్టింది కదా అని.

డెస్మండ్ అద్దంలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు ఆ మూడు రోజులకంటే ఆ కాస్త సేపే కష్టమనిపించింది.

“ఎంత లోతున పెట్టావు?” అన్నాడు చివరికి.

“నాలుగు వేళ్ళు.”

“నాలుగు వేళ్ళా? అంత పైనున్నది నా మిషను వదిలేసిందా? ఆ కంచె పక్కన ఎన్నిసార్లు తిరిగాను నేను.” నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, కానీ ఆమె భయపడ్డందుకు కాదు. “దేంతో చేసినవి?”

“తగరమట.”

“అదీ సంగతి. చాక్లెట్ రేకులకు మోగి మోగి చంపుతోందని, అలాంటి పలచటి లోహాలకు పలకకుండా మీట నేనే నొక్కిపెట్టా.” ఊపిరి వదిలాడు. “అంటే తప్పు మిషనుది కాదు, నాది కాదు.”

“కాదు” అంది బెరిల్ వెంటనే.

“నేను ఇంట్లో ఉంటే నీకంత కష్టంగా ఉందా?”

“నువ్వు కాదు డెస్. ఆ సీసాలు.”

అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఒక్క క్షణం హడలిపోయింది. నవ్వుతున్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. ఆమెకు కూడా అప్పుడు ఆగలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ చేలో ఉన్నారు. కోసిన గోధుమ మోళ్ళ మీద మంచు ఇంకా ఆరలేదు. పని తొందరగా తెమిలిపోతుందని బెరిల్ నేరుగా చోటు చూపించబోయింది.

“చెప్పకు” అన్నాడు డెస్మండ్. “నేనే పట్టుకుంటా.”

నొక్కిపెట్టిన మీట ఎత్తాడు. చాక్లెట్ రేకులకూ, మేకులకూ మోగుతూ మోగుతూ పోయింది మిషను. మొదటిది దొరికింది. రెండోది దొరికింది. దాన్ని భూతద్దం పెట్టి తిప్పి చూసి పెదవి విరిచాడు. “ఆకురాయి గీతలు ఇలాగే వదిలేస్తారా? నీకంటే ఆ పాతకాలపు దొంగే నయం.”

“వాడికి ఇంటిపని లేదుగా” అంది బెరిల్.

మూడోది మాత్రం చిక్కలేదు. అటు కంచె దాకా పోయాడు, ఇటు గేటు దాకా వచ్చాడు. నుదుటి మీద చెమట పట్టింది. అతను సాయం అడగడు, చెప్పకు అన్నాడు కాబట్టి ఆమె చెప్పదు. బెరిల్ కదలకుండా నిలబడి ఫ్లాస్కు మూత విప్పి, తీరిగ్గా టీ వంచుకుంది. రెండు గుక్కలు తాగి అతని వీపు వైపు చూసింది. తర్వాత, ఎండ కోసం జరిగినట్టుగా, అతను వెతకకుండా మిగిలిన ఆ ఒక్క చోటు, తను నిలబడ్డ చోటు వదిలి రెండడుగులు పక్కకు జరిగింది.