పై వరుసలో పేరు

నేను ఒక బ్రెయిలీ ప్రింటర్ని. సిరా తాగను, కాగితం మీద చుక్కలు పొడుస్తాను. మచిలీపట్నంలో చూపులేని ఆడపిల్లల బడిలో ఉద్యోగం. నన్ను చేసిన కంపెనీ నా భాషేమిటో ఎవరికీ చెప్పకుండానే మూతపడింది. బళ్లో పాత కంప్యూటర్ చచ్చిపోయాక కొత్తదానికి నా భాష రాలేదు. రెండేళ్లు పేరమ్మ టీచర్ టిఫిన్ డబ్బాకి పీటగా పనిచేశాను.

సోమవారం బళ్లో పదో తరగతి పిల్లలకి లెక్కల పరీక్ష. నేను ప్రశ్నపత్రం పొడిస్తే పిల్లలే తడిమి చదువుకుంటారు. లేదంటే ఎవరో చదివి వినిపించాలి. "లెక్కలు చెవితో చేస్తారటమ్మా ఎక్కడన్నా?" అని పేరమ్మ టీచర్ బాధ. ఆవిడకీ చూపు లేదు.

ప్రోగ్రాములు రాసే సువర్చల మూడు నెలలు నాకు ఏవేవో పంపి, నా టకటకలు విని, నా భాష పట్టేసి, నన్ను నడిపే ప్రోగ్రాం రాసింది. కంప్యూటర్లని నడిపే ఉచిత సిస్టాల్లో ఆవిడది బీఎస్‌డీ గుంపు. బళ్లో కంప్యూటర్‌ది లినక్స్ అనే ఇంకో గుంపు. రెండు గుంపులూ తమ కష్టాన్ని ఊరికే పంచిపెట్టేవే. ఎలా పంచాలన్నదే తగువు. బీఎస్‌డీ వాళ్లు "ఏమైనా చేసుకో, పైన నా పేరు చెరపకు" అంటారు. లినక్స్ వాళ్లు "మార్చి పంచితే ఆ మార్పులూ అందరికీ చూపించు" అంటారు.

శుక్రవారం లినక్స్ గుంపు ఏసురత్నం వచ్చి, ఆ ప్రోగ్రాంని తన సిస్టానికి సరిపడా మార్చాడు. ప్రోగ్రాం పై వరుసల్లో తమ షరతు అతికించాడు. శనివారం సువర్చల తెరిచి చూసింది.

"ఏమయ్యా, నా పేరేదీ?"

"మా షరతు పెట్టే తొందర్లో ఎగిరిపోయిందక్కా."

"మేం అడిగేదే ఆ ఒక్కటి. అదీ మింగేశావా?"

"మీరేమో ఎవడైనా తీసుకెళ్లి, లోపలేముందో ఎవరికీ చూపించకుండా తాళం వేసుకోవచ్చంటారు. ఈ ప్రింటర్ కంపెనీ చేసిందీ అదేగా!"

సువర్చల ల్యాప్‌టాప్ మూసేసింది. ఏసురత్నం మార్చిన ప్రోగ్రాంతో నా వరుసలు ఇంకా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ జబ్బుకి మందు ఆవిడకే తెలుసు.

"ఊరికే చేసే పనికే ఇంత కొట్టుకుంటున్నారే, జీతమిస్తే ఏమైపోదురు!" అంది పేరమ్మ టీచర్.

ఏసురత్నం చెవులు ఎర్రబడ్డాయి. సువర్చల పేరు, ఆవిడ షరతు పొల్లుపోకుండా పైన పెట్టాడు. తాను రాసిన ముక్కకే తన షరతు కింద పెట్టుకున్నాడు. "చూడండక్కా."

ఆవిడ రెండుసార్లు చదివింది. "వరుస అయ్యాక రెప్పపాటు ఆగమని చెప్పు దానికి," అంది.

ఆగాను. పొడిచాను. పేరమ్మ టీచర్ వేళ్లు కాగితం మీద నడిచి, టక్కున ఆగాయి.

"నాలుగో లెక్క తప్పు."

"మా వైపు కాదు!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"నాదేనర్రా. ప్రశ్నపత్రం నేను టైపు కొట్టిందే తప్పు. కంప్యూటర్ చదివి వినిపిస్తే ఇన్నిసార్లు విన్నా చెవికి దొరకలేదు, వేలికి దొరికింది."

తన తప్పు దొరికినందుకు అంత మురిసిపోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.