గాలి ఆపి తీసే కొలత

ప్రయోగశాలలో లేజర్ అద్దాలు సరిచేసే అద్దాలాయన పని వినడానికి తమాషాగా ఉంటుంది. విమానం ఒంటిని రాసుకుంటూ పోయే గాలి, ఆ విమానంలోంచి బయటికి దూసుకెళ్లే లేజర్ కిరణాన్ని ఎంత చెదరగొడుతుందో కొలవడం. నిజం విమానం కాదులెండి, విండ్ టన్నెల్‌లో, అంటే హోరుగాలి వదిలే గొట్టంలాంటి గదిలో, బిగించిన బారెడు బొమ్మ. గాలి వదలకముందు ఓసారి, వదిలాక ఓసారి కొలిచి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలిందంతా గాలి చేసిన ఆగడం. అందుకే ఆ మొదటి కొలత మచ్చ లేకుండా రావాలి.

వారం రోజులుగా అదే రావడం లేదు. తెరమీద పడే లేజర్ చుక్క బుద్ధిగా నిలబడినట్టే నిలబడి, ఉండుండి వణికేది. ఆయన అద్దాలు తుడిచాడు, మరలు బిగించాడు, ఏసీ ఆపించాడు, చివరికి పక్కగదిలో ఫ్రిజ్‌ని కూడా అనుమానించాడు. ఉహూఁ, లాభం లేదు.

"బాబాయ్, రేపటికి కుదరకపోతే ఈ లేజర్ బల్ల ఇంకొకళ్లకి అప్పగించమంటున్నారు. నేనింక ఆపలేను" అంది సెక్షన్ ఇన్‌ఛార్జి. కూతురి వయసు పిల్ల, పైవాళ్లకీ ఈయనకీ మధ్య నలిగిపోతోంది.

ఇంట్లో ఆయన కోసం కాచుకుని ఉండేవి ఒక మంచం, ఒక ఫ్యానూ. పెళ్లీ గిళ్లీ పెట్టుకోలేదు. నా అన్న మనిషి దొరికింది ఈ బల్ల దగ్గరే. అవతలి కొసన కెమెరా చూసుకునే పొడుగాయన. "ఎడమకి తిప్పవయ్యా" అని ఒకరంటే "నీ ఎడమా, నా ఎడమా?" అని ఇంకొకరు, ఏళ్ల తరబడి అదే పోట్లాట. పొడుగాయన నిరుడు గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచీ మూలపడ్డ బల్లమీద వారం కిందటే మళ్లీ పని మొదలైంది, ఆ కొసన ఇప్పుడు కంప్యూటరుంది. అది మారుమాట్లాడదు.

మర్నాడు అద్దం సరిచేస్తూ, "చూడు, ఇంకా ఎడమకేనా?" అన్నాడు. చుక్క వణికింది. నోరు మూశాడు, ఆగింది. "ఏమయ్యా" అన్నాడు. మళ్లీ వణికింది. ఆయన చెయ్యి మరమీదే ఉండిపోయింది.

దాచుకుంటే దాగేదే. కానీ పాడైన వారం కొలతలకి కారణం చెప్పొద్దూ? ఇన్‌ఛార్జిని పిలిచాడు.

"తప్పు నాదేనమ్మా. కిరణం మీదికి వంగి మాట్లాడుతున్నా. నా ఊపిరి తగులుతోంది."

"మాట్లాడుతున్నారా? ఎవరితో?"

ఆయన అవతలి కొసనున్న ఖాళీ స్టూలు వైపు చూశాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఆ పిల్ల నవ్వలేదు. "గాలి వదిలాక మాట్లాడుకోండి బాబాయ్. ఆ దుమారంలో మీ ఊపిరి లెక్కలోకే రాదు" అంది.

నోరు కట్టేసుకుని కొలత తీశాడు. చుక్క కదల్లేదు, మెదల్లేదు. బల్ల దక్కింది.

తర్వాత గాలి వదిలారు. గదంతా హోరెత్తిపోయింది. ఆయన అవతలి కొసకేసి తిరిగి, సంబరంగా, "చూశావా, ఎంత బాగా వచ్చిందో!" అన్నాడు. తన మాట తనకే వినపడలేదు. అలవాటుకొద్దీ జవాబు కోసం ఆగాడు. ఈ వారమంతా గది నిశ్శబ్దంగా ఉండేది కాబట్టి, పొడుగాయన ఏమంటాడో ఆయనే అనుకుని, విన్నట్టే సర్దుకునేవాడు. ఈ హోరులో ఎంతసేపు ఆగినా ఏమీ రాలేదు.

పొడుగాయన నిజంగానే పోయాడని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.