వంటింటి కిటికీలో బురద

మా అక్కకి శుభ్రత పిచ్చి. అలాంటి మనిషి వంటింటి కిటికీలో చెరువు బురద ఉన్న సీసాని పెట్టనిచ్చిందంటే అదంతా నా మీద ప్రేమే అనుకున్నాను.

నేను నీళ్ల పరీక్షశాలలో పని చేస్తాను. ఊరంతా తాగే చెరువు నీటిలో ఏముందో చూడటం నా ఉద్యోగం. బావ ఆ చెరువుకి ఇంజనీరు. ఇక్కడికి బదిలీ అయినప్పటి నుంచి వాళ్లింట్లో మేడ మీది గదిలోనే ఉంటున్నాను. ఆ ఎండాకాలం చెరువులో పూడిక తీయించే పని బావ చేతికొచ్చింది. అది సవ్యంగా అయితే ఆయనకి పెద్ద కుర్చీ ఖాయమని ఆఫీసులో అందరూ అంటున్నారు.

చిక్కంతా ఆ పూడికలోనే ఉంది. చెరువు అడుగున, వెలుతురు సోకని చల్లటి బురదలో, ఒక విషపు నాచు నిద్రపోతోంది. ఎప్పుడో పైన బతికి, కాలం బాగోలేనప్పుడు గట్టి పెంకు కట్టుకుని అడుక్కి దిగిపోయిన కణాలవి. చచ్చినట్టే ఉంటాయి, చావవు. ఏళ్లకేళ్లు అలా పడి ఉంటాయి. వెలుతురూ వెచ్చదనమూ తగిలితే పెంకు పగిలి, సన్నటి పచ్చ దారాలై పైకి లేస్తాయి. ఎండల్లో యంత్రాలు దించి ఆ బురదని కెలికితే వాటిని మనమే లేపి కూర్చోబెట్టినట్టు. చలికాలం దాకా ఆగమని నివేదిక ఇచ్చాను.

బావ చదివాడు. చదవకుండా పక్కన పడేసే మనిషి కాదు. మీ పరీక్షశాలలో దీపాలు పెట్టి, మందులు పోసి మేపితే రాయి కూడా చిగురిస్తుందని నవ్వాడు. మామూలు ఎండకి లేస్తుందా అని అడిగాడు. లేస్తుందన్నాను. భోజనాల బల్ల దగ్గరే పందెం లాంటిది కుదిరింది. గాజు సీసాలో చెరువడుగు బురద, దాని మీద కాచి చల్లార్చిన నీళ్లు, గాలాడేలా వదులుగా మూత. మధ్యాహ్నం ఎండ పడే వంటింటి కిటికీలో పెట్టాం. పురపాలక సమావేశం నాటికి అది పచ్చబడితే యంత్రాలు ఆపించేది తనేనని మాటిచ్చాడు. బావ మాటంటే మాటే.

రోజూ ఇంటికి రాగానే సీసా దగ్గరికి పరిగెత్తేదాన్ని. కిటికీలోనే ఉండేది, గోధుమ రంగులోనే ఉండేది. మీ దొరగారు ఇంకా పక్క దిగలేదా అని బావ ఆటపట్టించేవాడు. అక్క కూడా నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

సమావేశంలో బావ సీసా ఎత్తి చూపించాడు. స్వయంగా మా మరదలే పెట్టింది, ఆమె చదువంటే నాకు గౌరవమే, కానీ చూడండి, బురద బురదగానే ఉందన్నాడు. ఎగతాళి చేయలేదు. చేసినా కొంత నయంగా ఉండేది. అందరి ముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ సీసాని కోపంగా నా గది కిటికీలో పడేశాను.

యంత్రాలు దిగాయి. చెరువు ముందు మడ్డిగా మారింది, తర్వాత అంచుల్లో పచ్చటి మీగడ కట్టింది, ఆ తర్వాత నీళ్లే కనబడలేదు. చేపలు వెల్లకిలా తేలాయి. కుళాయి నీళ్లు తాగి పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. కుళాయిలు కట్టేశారు. సీసా చూపించి ఊరిని నమ్మించాడని బావని ఉద్యోగం నుంచి నిలిపేశారు. నా మాటే నిజమైనందుకు నాకు ఒక్క క్షణం కూడా సంతోషం కలగలేదు.

నా గదిలో సీసా కూడా పచ్చబడింది. అదే బురద, అదే నీరు. అప్పుడెందుకు లేవలేదో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అర్థం కాలేదు.

ట్యాంకరు నీళ్లు పట్టడానికి పెద్ద గిన్నె కావాలని వంటింటి అలమరా కింది అర తెరిచాను. డబ్బాల వెనక, చెక్క మీద, గుండ్రటి బురద మరకలు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, ఎన్నో. వదులు మూతలోంచి ఒలికిన నీళ్లు అలా ఎండిపోయాయి. మేడ మీదికెళ్లి సీసా తెచ్చి అక్కడ పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది.

అక్కని పిలిచి ఆ మరకలు చూపించి అడిగాను. అబద్ధమాడలేదు. మేమిద్దరం ఆఫీసులకి వెళ్లగానే సీసాని అలమరాలో పెట్టి తలుపు మూసేదట. మేమొచ్చే వేళకి మళ్లీ కిటికీలో పెట్టేదట.

"పచ్చబడితే ఆయన నిజంగానే ఆపేస్తారే. నాకు తెలీదా ఆయన సంగతి? ఇన్నేళ్ల కష్టం నీ గుప్పెడు బురదకి పోవాలా?" అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆయనకి చెప్పకు. ఇప్పటికే సగమైపోయారు" అంది.

నాకు జాలి కలగలేదు. ఆసుపత్రిలో పిల్లలే గుర్తొచ్చారు.

అప్పుడే బావ వంటింట్లోకి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. నా చేతిలో పచ్చటి సీసా చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదే సీసా కదమ్మా," అన్నాడు. "అప్పుడెందుకు లేవలేదు? నేను చూడటంలో తప్పు చేశానా?"

అక్క నా వైపు చూసింది. చిన్నప్పుడు నా తప్పుల్ని అమ్మకి తెలియకుండా కప్పిపుచ్చేటప్పుడు అలాగే చూసేది.

"మీరు సరిగ్గానే చూశారు బావా. దానికి వెలుతురు తగలనివ్వలేదు. ఎందుకో అక్కని అడగండి."

అక్క గిన్నె కడగబోతున్నట్టు అటు తిరిగి కుళాయి తిప్పింది. అందులో నీళ్లు రాలేదు.