ఇద్దరికి సరిపడే పరుపు

ఏడో నంబరు మంచం మీది పరుపును వరహాలమ్మ ఒక్క ఊపున తిరగేసింది. నడుములో కలుక్కుమంది. ఒక్క క్షణం ఆగి, దుప్పటి నాలుగు మూలలూ బిగించి, తలగడ సర్ది, ఎనిమిదో నంబరు దగ్గరికి నడిచింది. తొమ్మిదో నంబరు మీద గూడ్సు డ్రైవరొకడు గుర్రుపెడుతున్నాడు. అతని మంచం కిందికి చీపురు పోయి వచ్చింది గాని చప్పుడు మాత్రం పుట్టలేదు.

జమ్షెడ్‌పూర్‌లోని టాటానగర్ స్టేషన్ రన్నింగ్ రూంలో ఆమెది పందొమ్మిదేళ్ల నౌకరీ. బయటి ఊళ్ల నుంచి రైళ్లు తెచ్చిన డ్రైవర్లు, గార్డులు ఎనిమిది గంటలు పడుకుని మళ్లీ బండెక్కే చోటు అది. మొత్తం ఇరవై నాలుగు మంచాలు. పక్కలు పరవడం, దుప్పట్లు మార్చడం, నేల ఊడవడం ఆమె పని. అక్కడ నియమం ఒక్కటే. పడుకున్నవాణ్ని కాల్ వచ్చేదాకా ఎవరూ లేపకూడదు. నిద్ర చాలని డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటేస్తాడు. తర్వాత పోయేది అతనొక్కడే కాదు.

ఆ కాల్ ఇచ్చే మనిషి ఆమె మొగుడే.

తవిటయ్యకు యాభై నాలుగేళ్లు. ఉద్యోగం పేరు మాత్రం ఇంకా కాల్‌బాయ్. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఎడమ చేత్తో లాంతరు పట్టుకుని, చంకలో కాల్‌బుక్ పెట్టుకుని రన్నింగ్ రూంలోనూ బాగ్‌బేరా రైల్వే కాలనీ అంతటా తిరుగుతాడు. ఏ డ్రైవరు ఏ బండికి ఎన్నింటికి రావాలో తలుపు దగ్గర నిలబడి చెప్పి, సంతకం పెట్టించుకుని పోతాడు. పడుకున్నవాణ్ని చేత్తో తట్టడు. పేరు పెట్టి పిలుస్తాడంతే. కాలనీ కుక్కలకు కూడా అతని అడుగు తెలుసు. మిగతా కాల్‌బాయ్‌లు పగటి డ్యూటీ కోసం కొట్టుకుంటుంటే, ఎందుకొచ్చిన గొడవని ఇతను రాత్రి తీసుకున్నాడు. అప్పటికి ఆరు నెలలే అనుకున్నాడు. ఇరవై రెండేళ్లయింది.

అందుకని వాళ్ల క్వార్టర్లో ఒక్కటే నులక మంచం. పగలు అతనిది, రాత్రి ఆమెది. వారానికొక రాత్రి సెలవున్నా అతని కళ్లు మూతపడేవి కావు. గుమ్మం ముందు కూర్చుని, దూరంగా షంటింగ్ ఇంజన్ల కూతలు వింటూ తెల్లవార్చేవాడు. పిల్లలు లేరు. ఎలా పుడతారే, మీ ఇద్దరికీ పరిచయమైతే కదా అని పక్కింటి జగదాంబ ఏళ్ల తరబడి ఆడిపోసుకుంటూనే ఉంది.

ఈ ఉదయం ఆరు గంటలకు ఆ బతుకు అయిపోయింది. సోమవారం నుంచి తవిటయ్య లోకో షెడ్డు ఆఫీసులో ప్యూను. పగటి డ్యూటీ. ఆర్డరు కాగితం చేతికొచ్చిన రోజే వరహాలమ్మ నులక మంచం వంక చూసి, ఇది ఇద్దరికి చాలదని చెప్పింది. వారం తిరక్కుండా వెడల్పాటి చెక్క మంచం గదిలోకి వచ్చింది. రెండు రోజులుగా బోసిగా ఉంది. ఇక పరుపే తక్కువ.

పరుపు సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై నాలుగు మంచాల మీద ఎన్ని పరుపులు పుట్టి ఎన్ని చచ్చాయో కళ్లారా చూసింది. ఏది వానాకాలం గడ్డకడుతుందో, ఏది మూడేళ్లకే పడవలా వంగుతుందో దూరం నుంచే చెప్పగలదు. పందొమ్మిదేళ్లుగా ఊరందరి పక్కలు పరిచింది. ఇప్పుడు ఒక్కసారి తన కోసం ఎంచుకోబోతోంది.

మిగతా పూటకు ఆమె సెలవు చెప్పింది. తొమ్మిదికల్లా తవిటయ్య రన్నింగ్ రూం గేటు దగ్గర ఉన్నాడు. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకున్నాడు. తలకు రాసుకున్న నూనె నుదుటి మీదికి కారుతోంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

కాసేపు పడుకుని సాయంత్రం వెళదామంది ఆమె.

"నిద్దరకేటే తొందర. సోమారం నుంచి రేత్రులన్నీ మనవే," అన్నాడు అతను ఎడమ భుజం పిసుక్కుంటూ. ఏమైందని అడిగితే లాంతరు మోసిన చెయ్యి అన్నాడు.

క్వార్టర్ల వరస దాటుతుంటే జగదాంబ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏటే వరాలూ, మావని పెళ్లికొడుకుని సేసి ఎక్కడికి లాక్కెల్తన్నావు?"

"పరుపు కొనడానికెల్తన్నాం," అని తవిటయ్యే జవాబిచ్చాడు.

"ఇప్పుడా! పిల్లలు పుడితే నాను సాకను. ముందే సెప్తన్నాను."

"నీ సేతికిత్తే కదా సాకడానికి," అన్నాడు తవిటయ్య. వరహాలమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతనికంటే నాలుగడుగులు ముందుకు నడిచింది. టెంపోలో కూర్చున్నాక కూడా ఆ నవ్వు పూర్తిగా పోలేదు.

బిష్టుపూర్ బజారులో పరుపుల షాపు ముందంతా అద్దమే. లోపలున్న గుమాస్తా భీమారావుది పర్లాకిమిడి. వీళ్లు తెలుగులో గొణుక్కోవడం విని, తన భాషవాళ్లు దొరికారని సంబరపడ్డాడు. ముందు ఫోమ్ పరుపు మీద చరిచి, మొత్తం జమ్షెడ్‌పూర్‌లో ఇంత మెత్తనిది లేదన్నాడు. వరహాలమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. అరచెయ్యి తీసి బుగ్గకు తగిలించుకుంది.

"సలికాలం బాగుంటాది బాబూ. మే నెల్లో ఈపు ఉడికిపోద్ది."

దూది పరుపును వేళ్లతో నొక్కి వదిలేసింది. రెండేళ్లకోసారి విప్పి ఏకించాలి. మూడోది రబ్బరు పట్టించిన కొబ్బరి పీచుది. అంచు కుట్టు చూసింది. మూల పట్టుకుని ఎత్తింది. వంగి వాసన చూసింది. గుడ్డ తొడుగు కొంచెం విప్పి లోపలి పీచు చూపించమంది. అప్పటికి భీమారావు నవ్వడం మానేసి ఆమెను అమ్మా అనడం మొదలుపెట్టాడు. తవిటయ్య వెనక నిలబడి, పెళ్లాన్ని పరాయి ఊరి ఆఫీసర్ని చూసినట్టు చూస్తున్నాడు.

"అంతా బాగానే ఉన్నాది," అంది చివరికి. "ఒకటే అనుమానం. ఇతగాడు మనిషి బరువు. ఇటు తిరిగితే నాను ఆ గుంటలోకి దొర్లిపోతానా?"

ఇద్దరూ పడుకుని చూసుకోమన్నాడు భీమారావు. అందరూ అలాగే చూస్తారట. వరహాలమ్మ అద్దం వైపు చూసింది. అవతల రోడ్డు. రిక్షాలు, సైకిళ్లు, బ్యాంకుకి పోయే జనం. చచ్చినా పడుకోనంది. అతను పడుకుంటే తను అంచున కూర్చుని చూస్తానంది.

తవిటయ్య బూట్లు విప్పి, గోడ వైపు జరిగి వెల్లకిలా పడుకున్నాడు. ఆమె ఇవతల అంచున కూర్చుంది. అతన్ని ఇటు తిరగమంది, అటు తిరగమంది. తన కింద పరుపు కదల్లేదు.

"నువ్వు కూకున్నట్టే తెలీడం నేదే," అన్నాడు అతను. "ఇదే బాగున్నాది. రెండు నిమిషాలుండు, లేత్తాను."

రెండు నిమిషాలు కాకముందే గురక మొదలైంది.

భీమారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మకం అయిపోయినట్టేనన్నాడు. వరహాలమ్మ వేలెత్తి ఊరుకోమంది. రాత్రి నడిచిన మనిషి, పొద్దున్న కన్ను మూయలేదని గొంతు తగ్గించి చెప్పింది. షాపు యజమాని సేఠ్ పన్నెండు దాటాకే వస్తాడు, అప్పటిదాకా పడుకోనివ్వమన్నాడు భీమారావు. టీ తెప్పించి ఇచ్చాడు. గ్లాసు కింద పెడితే చప్పుడవుతుందని ఆమె దాన్ని ఒళ్లో పట్టుకునే కూర్చుంది. ఒక కొత్త జంట వచ్చి, తలగడలు చూసి, ఈ ఇద్దర్నీ చూసి నవ్వుకుంటూ పోయారు.

ఆమె లేవలేదు. లేస్తే పరుపు కదులుతుంది.

అతను పడుకునే వేళకు ఎప్పుడూ తను పనిలో ఉండేది. ఇంత దగ్గర కూర్చుని, ఇంతసేపు, నిద్రపోతున్న మొగుణ్ని ఆమె ఏనాడూ చూడలేదు. కనుబొమల్లో తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో. కింది పెదవి మీద ఒక పాత గాటు ఉంది. అదేమిటో సోమవారం రాత్రి తీరిగ్గా అడగాలి. మంచం కిటికీ కిందికి జరపాలి. దోమతెర కొత్తది కుట్టించాలి.

గురక హెచ్చింది. గొంతులో నీళ్లు ఉడుకుతున్నట్టు వస్తోంది, మధ్యలో ఆగుతోంది, మళ్లీ గట్టిగా ఎగదన్నుతోంది. భీమారావు లెక్కల బల్ల వదిలి వచ్చాడు.

"అమ్మా, ఇదేదో మామూలు గురకలా లేదు. ఒకసారి లేపుదామా?"

"లేపకు బాబూ," అంది ఆమె. "నాను రోజూ ఇరవై నలుగురి గురక ఇంటాను. అలిసిపోయినోడు ఇలాగే పెడతాడు. కాల్ నేకుండా లేపకూడదు."

అతను ఇంకో క్షణం నిలబడ్డాడు. చెయ్యి ముందుకు చాపబోయాడు కూడా. ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకు తోసింది.

గోడ గడియారంలో పదకొండూ పది అయినప్పుడు గురక ఆగింది.

హమ్మయ్య అనుకుంది వరహాలమ్మ. గురక అణిగితే అసలు నిద్ర పట్టినట్టు. రన్నింగ్ రూంలో ఆ వేళకు ఆమె కిటికీ తలుపులు దగ్గరగా వేస్తుంది. ఇక్కడ కిటికీ లేదు. రోడ్డు వైపు నుంచి ఎండ అతని మొహం మీదికి వస్తుంటే, చల్లారిన టీ గ్లాసును ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి నీడగా పట్టింది. చెయ్యి నొప్పెట్టింది. దించలేదు. అలా ఒక గంట పట్టుకునే ఉంది.

పన్నెండూ పావుకు షాపు ముందు సేఠ్ వ్యాను ఆగి పెద్దగా హారన్ కొట్టింది. వరహాలమ్మ ఉలిక్కిపడింది. టీ ఒలికి చీర తడిసింది.

తవిటయ్య కదల్లేదు.

ఆమె అతని మొహం వంక చూసింది. గ్లాసు నేల మీద పెట్టింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఏనాడూ పలకని పేరును మొదటిసారి పలికింది.

"తవిటయ్యా."

కాల్ ఇచ్చినట్టే, మెల్లగా, ముట్టుకోకుండా. కాసేపాగి మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచి అరికాలు పట్టుకుంది. ఫ్యాను కింద పెట్టిన ఇనప సామానులా చల్లగా తగిలింది.

తర్వాతవన్నీ చకచకా జరిగాయి. మనిషిని కదపొద్దని భీమారావు అరిచాడు. నలుగురు నాలుగు మూలలూ పట్టి, పరుపుతో సహా ఎత్తి, సేఠ్ వ్యానులో పెట్టారు. ఆమెను ఎవరో రెక్క పట్టుకుని ఎక్కించారు. ఆసుపత్రి వరండాలో దించితే కుర్ర డాక్టరు పరుగున వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ మీద గొట్టం ఆనించి, కనురెప్పలు ఎత్తి చూశాడు. గొట్టం తీసి మెడలో వేసుకున్నాడు.

ఎంతసేపైందని హిందీలో అడిగాడు. పదకొండూ పదికి గురక ఆగిందని ఆమె హిందీలోనే చెప్పింది. డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. ఆ గురక ఎలా ఉందని అడిగాడు. ఆమె అదీ చెప్పింది. నీళ్లు ఉడికినట్టు, మధ్యలో ఆగి ఆగి.

అది నిద్ర కాదన్నాడు డాక్టరు. గురక పెడుతున్నప్పుడే తెచ్చుంటే అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, మాట మింగేశాడు. భీమారావు కంగారుగా తెలుగులోకి దిగాడు. ఎప్పుడు తెచ్చినా ఇంతేనని డాక్టరుగారు అంటున్నారమ్మా, అని చెప్పాడు. పందొమ్మిదేళ్లు రైల్వేలో ఉన్న మనిషి ఇప్పటిదాకా హిందీలోనే జవాబులిచ్చిందని ఆ కంగారులో మరిచిపోయాడు పాపం.

"ఈ బాబు లేపుతానన్నాడు," అంది వరహాలమ్మ డాక్టరుతో, మామూలు గొంతుతో, తెలుగులోనే. "నానే లేపనివ్వనేదు."

అదే మాట నర్సుతో చెప్పింది. స్ట్రెచరు తెచ్చిన మనిషితో చెప్పింది. ఆమె కంట్లో చుక్క నీరు లేదు. కుడి చెయ్యి ఇంకా ఎండకు అడ్డం పట్టినట్టే గాలిలో ఉంది. నర్సు దాన్ని పట్టుకుని కిందికి దించాల్సి వచ్చింది.

తవిటయ్యను స్ట్రెచరు మీదికి మార్చి లోపలికి తీసుకుపోయారు. లోపలికి రావద్దన్నారు. లోకో షెడ్డుకు ఫోను చెయ్యడానికి భీమారావు పరిగెత్తాడు. దారికి అడ్డంగా ఉందని వార్డు మనిషి విసుక్కుని, పరుపును నిలువుగా ఎత్తి గోడకు చేరేశాడు.

వరహాలమ్మ దానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ పరుపు మూలకు, భీమారావు ఎప్పుడు గుచ్చాడో, గుండుసూదితో ఒక చీటీ ఉంది. దాని మీద హిందీలో పెద్ద పెద్ద అక్షరాలు: అమ్ముడైంది, ముట్టుకోవద్దు.