ఎడమవైపు నట్టు

కారు కింద అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని మేస్త్రి ఒక కన్ను మూసుకున్నాడు. పైనుంచి ఎండిన మట్టి రాలుతోంది మరి. తెరిచిన కంటి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ, దాని మీద తుప్పు.

షెడ్డులో అందరూ ఆయన్ని 'తిన్నగా మేస్త్రి' అంటారు. స్టీరింగ్ వంకరగా ఉందని ఎవరు బండి తెచ్చినా "తిన్నగా వస్తుంది లెండి" అంటాడు. అదే పేరైపోయింది. మనిషి సన్నం. మెడ దగ్గర చర్మం వేలాడుతూ ఉంటుంది. గడ్డానికి ఒకవైపు ఎప్పుడూ గ్రీజు. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నల్లగా చచ్చిపోయింది, అది మళ్లీ రాలేదు.

ఇవాళ్టి బండి టీచరమ్మది, తెల్ల కారు. రోడ్డు మీద తిన్నగానే పోతుంది గానీ స్టీరింగ్ మాత్రం కుడికి ఒరిగి ఉంటుంది. ఏదో గుంతలో పడిందట. ఇలాంటిదానికి కొందరు స్టీరింగ్ ఊడబీకి, తిన్నగా పెట్టి బిగించేస్తారు. పైకి బాగానే ఉంటుంది. అడుగున వంకర అడుగునే ఉంటుంది. మేస్త్రి అలా చెయ్యడు. స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి తాడుతో కట్టేస్తాడు. కింద దూరి, ముందు చక్రాలకున్న రెండు కడ్డీల్లో ఒకదాన్ని కాస్త పొట్టి చేస్తాడు, రెండోదాన్ని అంతే పొడుగు చేస్తాడు. అవి మళ్లీ తిరక్కుండా ఒక్కోదానికీ ఒక నట్టు. నట్టు బిగించాక అగ్గిపుల్ల తెల్లరంగులో ముంచి దాని మీద గీత పెడతాడు. గీత పడిందంటే ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

"అయిందా మేస్త్రి గారూ? పసిది ఎండకి తట్టుకోలేకపోతోంది." టీచరమ్మ గొంతు. బాలింత కూతుర్నీ మనవరాలినీ కొండ మీద అల్లుడి దగ్గర దింపడానికి బయల్దేరిందావిడ.

"అయిందమ్మా. తిన్నగా వస్తుంది లెండి."

కారు వెళ్లిపోయింది.

కాసేపటికి అన్నం తిని మేస్త్రి కుళాయి దగ్గరికి పోయాడు. షెడ్డు ఓనరు ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. పళ్లు కుట్టుకుంటూ చూశాడు.

"ఏంటి బాబాయ్, మళ్లీ కడుగుతున్నారు? ఇప్పుడేగా కడిగారు. పెళ్లిచూపులకేమైనా వెళ్తున్నారా?"

మేస్త్రి చేతుల వంక చూసుకున్నాడు. కుళాయి ఇంకా తిప్పనే లేదు. చేతులు తడిగా ఉన్నాయి.

మొన్న పొద్దున కూడా ఇంతే. కాఫీ ఏదే అంటే ఇంటావిడ గ్లాసు తెచ్చి చూపించింది. "తాగి ఎంతసేపైంది? నురగ కూడా ఆరలేదు" అని నవ్వింది. ఆయనా నవ్వేశాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

కుడివైపు నట్టు బిగించాడు. అది గుర్తుంది, మోచెయ్యి ఇనుముకి కొట్టుకుంది. తర్వాత ఎడమవైపుకి జరిగాడు. పానా అందుకున్నాడు. ఆ తర్వాత టీచరమ్మ గొంతు. ఆ రెంటికీ మధ్య ఏమైంది? ఎంత తవ్వినా రాలేదు.

నట్టు వదులుగా ఉంటే కడ్డీ ఊరుకోదు. కుదుపు కుదుపుకీ కాస్త కాస్త తిరుగుతుంది. ఎక్కడో ఒక మలుపులో స్టీరింగ్ ఒకవైపు, బండి ఒకవైపు.

"ఒరే, టీచరమ్మకి ఫోన్ కొట్టు."

మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. బండి నడిపేటప్పుడు ఆవిడ ఫోన్ సంచిలో పడేస్తుందని ఇద్దరికీ తెలుసు.

"ఎడమవైపు నట్టు బిగించానో లేదో గుర్తులేదురా."

"మీరా? మీరు మర్చిపోవడం..." అని నవ్వబోయి, ఆయన మొహం చూసి ఓనరు నోరు మూసుకున్నాడు. మోటార్ సైకిల్ తాళం తీశాడు.

కొండదారి అంతా మలుపులే. మేస్త్రి పానా జేబులో పెట్టుకుని, వెనక కూర్చుని ఓనరు చొక్కా పట్టుకున్నాడు. గోడ లేని ప్రతి మలుపు దగ్గరా కిందికి చూడకూడదనుకుంటాడు, చూస్తాడు. ఒకచోట లోయలో తెల్లగా కనబడింది.

"ఆపరా! ఆపు!"

ఓనరు ఆపాడు. ఇద్దరూ వంగి చూశారు. ఎవరిదో దుప్పటి, పొదల మీద ఆరేసుంది. మేస్త్రి మళ్లీ ఎక్కడానికి ఓనరు చెయ్యి పట్టాల్సొచ్చింది.

ఇంకా పైకి పోతే, చెట్టు నీడలో కారు. నాలుగు చక్రాల మీదే నిలబడి ఉంది. వెనక సీట్లో కూతురు పసిదానికి పాలు పడుతోంది. టీచరమ్మ మొహం కడుక్కుంటోంది.

"అదేంటి మేస్త్రి గారూ, ఇంత దూరం?"

"ఏం లేదమ్మా. పానా ఒకటి కింద వదిలేశానేమోనని."

"మీ పానా నేనెత్తుకుపోతానా! స్టీరింగ్ మటుకు భలే కుదిరిందండీ, చేతులు వదిలేసినా తిన్నగా పోయేట్టుంది."

"చేతులు వదలకమ్మా" అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది.

రాళ్ల మీద వీపు ఆనించి కిందికి దూరాడు. ఎడమవైపు నట్టు. దాని మీద తెల్లగీత ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. పానా వేసి ఉన్న బలమంతా పెట్టాడు. కదల్లేదు. మళ్లీ పెట్టాడు. ఎప్పటిలాగే బిగించి ఉంది.

బయటికి రావడానికి చాలాసేపు పట్టిందాయనకి. కారు కదిలి మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఆయన అక్కడే నిలబడ్డాడు.

"గండం గడిచిందిగా బాబాయ్. నట్టు గట్టిగానే ఉంది. ఇంకెందుకు భయం?"

"వదులుగా ఉండుంటే బిగించి ఇంటికిపోయి పడుకునేవాణ్ణిరా" అన్నాడు మేస్త్రి. "బిగించింది నేనే. గీత పెట్టింది నేనే. అప్పుడు నేనెక్కడున్నాను?"

ఓనరు కొండ దిగేటప్పుడు బండి మెల్లగా నడిపాడు.

సాయంత్రం మేస్త్రి పనిచొక్కా విప్పి, మడిచి, సంచిలో పెట్టుకున్నాడు. రోజూ దాన్ని మేకుకి తగిలించి పోయేవాడు.

"రేపట్నించి రానురా."

"నాలుగు రోజులు రెస్టు తీసుకోండి. తర్వాత చూద్దాం."

"రాను" అన్నాడు మళ్లీ. "చూసుకో" అన్నాడు. ఏం చూసుకోవాలో చెప్పలేదు.

ఓనరు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఇంటికి పోవాలంటే వీధి చివర ఆయన ఎడమకి తిరగాలి. చివరిదాకా పోయి మేస్త్రి ఆగాడు. అటు చూశాడు. ఇటు చూశాడు. ఓనరు ఒక చెప్పు తొడుక్కున్నాడు, రెండోదానికి కాలితో తడుముతున్నాడు. మేస్త్రి ఎడమకే తిరిగాడు.

ఓనరు లోపలికొచ్చి షట్టరు సగం దించి, ఆగాడు. పొద్దున టీచరమ్మ కారు నిలబెట్టినచోట నేల మీద మేస్త్రి అట్టముక్క ఇంకా పరిచే ఉంది, ఏదో ఫ్రిజ్ పెట్టెది. దాని మీద నూనె ఇంకి అచ్చుపడిన ఒక తల, రెండు భుజాలు, సన్నటి వీపు, పక్కకి చాచిన ఎడమ మోచెయ్యి.